బావగారి పచ్చిక, మేస్త్రి వాటం

నెల్లూరు వేదాయపాళెంలో ఉండే మా బావగారు నిజమైన గోల్ఫు మైదానాన్ని ఎన్నడూ చూడకపోయినా, ఫోనులో ఆ ఆట ఆడేటప్పుడు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. 200 గజాల అవతలి నుంచి బంతిని గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీదికి చేర్చడం ఆయనకు నల్లేరు మీద బండి నడకే గానీ, అక్కడి నుంచి 108 మిల్లీమీటర్ల గుంతలోకి దొర్లించడం మాత్రం గగనమయ్యేది. తెర మీద గళ్ళుగళ్ళుగా గీతలూ, వాటి వెంబడి పాకే చుక్కలూ కనిపిస్తాయి. చుక్కలు పాకే వైపు పల్లం. అవి ఎంత వేగంగా పాకితే వాలు అంత ఎక్కువ. బావగారు వాటిని అలంకారమనుకుని, గాలి బాణాన్ని చూసి గురి పెట్టేవారు. దొర్లే బంతికి ఆ ఆటలో గాలితో పనే లేదని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ రోజుల్లోనే మేడ మీద వాననీరు నిలుస్తోందని కొత్తగా వాటం పోయించడానికి మేస్త్రిని పిలిచారు. మట్టం చూసే నీళ్ళ గొట్టం భుజాన వేసుకుని వచ్చిన అతను ఫోనులోకి తొంగిచూసి, "వాటం ఎడం పక్కకుంది గదయ్యా, తిన్నగా కొడితే యాడ పడతాది?" అన్నాడు. బావగారు ముఖం చిట్లించుకుంటూనే కుడికి జరిపి కొట్టగా, బంతి వంపు తిరిగి గుంతలో పడింది.

అంతటితో మేస్త్రికి కుర్చీ పడింది, టీ వచ్చింది. మెరకకు గట్టిగా కొట్టిన బంతి తక్కువ వంగుతుందనీ, పల్లానికి మెల్లగా వదిలింది ఎక్కువ వంగుతుందనీ, వేగం చచ్చిన చివరి అడుగుల్లోనే అసలు వంపు తెలుస్తుందనీ అతను గోల్ఫు పేరైనా సరిగా పలక్కుండానే తేల్చేశాడు. పచ్చిక వేగాన్ని, అంటే దాని మీద బంతి ఎంత దూరం దొర్లుతుందో కొలిచే సాధనాన్ని 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ రూపొందించాడనీ, తెర మీది 12 అనే అంకె ఆ కొలతేననీ బావగారు వివరించబోతే, "పాలిష్ పట్టిన గచ్చనుకోండయ్యా" అని ఒక్క ముక్కలో ముగించాడు.

పైన కూలీలు మాత్రం మట్టం చూసేవాడు లేకుండానే సిమెంటు పరిచి, చెక్కతో సాపు చేసి, కూలి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయారు.

ఈశాన్య రుతుపవనాలు మా జిల్లాను మరచిపోవు. మొదటి వానకే మేడ మీది నీరు తూము వైపు పోకుండా, తాపీగా వంపు తిరిగి, మెట్లగది గడప దాటి, అక్కయ్య దాచిన వడియాల డబ్బాల దాకా వచ్చింది. బావగారు తల వంచి ఆ ధారను పరిశీలించి, "పదడుగులకు అంగుళం, ఎడమకు" అన్నారు. కబురందుకుని వచ్చిన మేస్త్రి ఒంటికన్ను మూసి చూసి, "అంగుళంన్నరయ్యా" అని సరిదిద్దాడు.

అక్కయ్య ఫోను లాక్కుని ఇద్దరికీ చెరొక చీపురు ఇచ్చింది.