వాళ్ళు పెట్టుకుంటే గౌరవమట, మేమంటే కేసట!

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆఫీసులో ఒక పెద్దమనిషి పెరుగన్నం కలుపుకుంటూ తీరిగ్గా అడిగాడు: "మీ వాళ్ళు పేరు చివర మాదిగ అని పెట్టుకుంటే ఆత్మగౌరవం, అదే మాట మేమంటే అట్రాసిటీ కేసు. ఇదెక్కడి న్యాయమండీ?" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. పాపం, ఎంత అన్యాయం! ఒక్క మాట అనే హక్కు పోయిందని ఆ ముఖాల్లో దిగులు చూసి తీరాలి.

అడిగినాయన పేరు చివర కూడా ఒక తోక ఉంది. అది మాత్రం కులం కాదట, తాతల నాటి పేరట. వీళ్ళే కారు వెనక అద్దం మీద కులం పేరు అంటించుకుంటారు. కులానికొక హాస్టలు, కులానికొక కల్యాణమండపం. కార్తీకమాసం వస్తే కులానికొక వనభోజనం. ఉసిరిచెట్టు నీడలో ఎవరి కులం వాళ్ళది విడివిడిగా ఎలా కొలుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. అదంతా సంప్రదాయం. మేము పేరులో రాసుకుంటే మాత్రం "ఈ రోజుల్లో కూడా కులమేమిటండీ" అని నిట్టూర్పులు!

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగల హక్కుల ఉద్యమం దండోరా మోగాక, దాని నాయకుడు మంద కృష్ణ మాదిగ పేరు గోడలకెక్కింది. ఊరూరా కుర్రాళ్ళు అలాగే రాసుకున్నారు. అంతకుముందు ఆ మాట మా వీధిలో ఎలా వినిపించేదో ఈయనకు తెలియదా? అరవై దాటిన మా తాతను ఆసామి గారి బడిపిల్లవాడు "ఒరేయ్" అని మొదలుపెట్టి కులం పేరుతోనే కేకేసేవాడు. తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. ఆయనకు సొంత పేరొకటి ఉందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఆ పిల్లవాడి కేకా, దండోరా జెండా మీద అక్షరాలూ ఒకటేనని నన్ను ఒప్పుకోమంటారు!

అవును స్వామీ, రెండు నీతులే. చట్టంలోనే ఉంది. 1989 నాటి అట్రాసిటీ చట్టం ప్రకారం, ఎస్సీ, ఎస్టీ కాని మనిషి మమ్మల్ని పదిమందిలో కులం పేరుతో దూషిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ వరకూ జైలు. అంత బెంగ కూడా అక్కర్లేదు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అంటే ఆ సెక్షను వర్తించదని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. తలుపులు వేసుకుని తనివితీరా తిట్టుకోండి, ఎవరొద్దన్నారు? మేము వింటే గానీ రుచి రాదా?

కేసులు, కేసులు అని ఒకటే గోల. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. కింది కోర్టు వేసిన శిక్షలన్నీ 2014లో హైకోర్టు కొట్టేసింది. ఎనిమిది ప్రాణాల కేసుకే ఆ గతి పడితే, భోజనాల బల్ల దగ్గర నోరు జారినందుకు జైలుకు పోతానని ఈయన వణుకు!

ఆ మాటకొస్తే నోటితో తిట్టేవాళ్ళే నాకు నయం. హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగి చూడండి. "మీ ఇంటిపేరేమిటి బాబూ? ఊళ్ళో ఏ వైపు? ఆదివారం చర్చికి వెళ్తారా?" అని కాఫీ ఇచ్చి మరీ ఆరా తీస్తారు. ఒక్క చెడ్డమాట దొర్లదు. కిందటేడాది ఒక పెద్దావిడ నా వివరాలన్నీ విని, "అయ్యో నాన్నా, మరిచేపోయాను, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, ఇల్లు వాడికే కావాలి" అంది. అడ్వాన్సు డబ్బులు నా చేతిలోనే ఉన్నాయి. తర్వాతి నెలలో మా ఆఫీసు కుర్రాడే, సరైన తోక ఉన్నవాడు, ఆ ఇంట్లో పాలు పొంగించుకున్నాడు. ఇప్పటికీ అక్కడే హాయిగా ఉంటున్నాడు. అమెరికా అబ్బాయి విమానం ఇంకా గాలిలోనే తిరుగుతున్నట్టుంది.