పిల్లాడి ఖాతాకు నాన్నే రావాలా?

తిరుపతిలో ఏ బ్యాంకు శాఖలోనైనా జూన్ నెలలో ఓ గంట కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది: ‘మీ ఆయనను పిలుచుకుని రండమ్మా.’ పిల్లాడి పేరున ఖాతా తెరవడానికి ఆధార్ జిరాక్సులు, ఫొటోలు పట్టుకొచ్చిన తల్లికి దొరికే జవాబు అది. ఆ ఆయనేమో గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో పనిలో ఉంటాడు. చిత్తూరు పల్లెల్లో ఇదేమీ వింత కాదు.

చట్టం అలా చెప్పడం లేదు. తల్లిని సంరక్షకురాలిగా పెట్టుకుని మైనర్ ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంకు 1976లోనే చెప్పింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని ముందు పెట్టిన మాట నిజమే. కానీ 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి బతికున్నా పిల్లల బాగోగులు చూసే పరిస్థితిలో లేకపోతే తల్లే సహజ సంరక్షకురాలని తేల్చింది. కొడుకు పేరున రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం అడగడం దగ్గర మొదలైన గొడవ అది!

రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్ సర్క్యులర్‌లోనూ తల్లి ప్రస్తావన ఉంది. పదేళ్లు నిండిన పిల్లలైతే సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ సొంతంగానే తెరిచి నడుపుకోవచ్చు. ఎంత మొత్తం దాకా, ఏటీఎం కార్డు ఇవ్వాలా అన్నది మాత్రం బ్యాంకుకే వదిలేశారు. నాకు నచ్చనిది అదే. ఒక బ్యాంకులో కుదిరింది పక్క వీధి బ్యాంకులో కుదరదు.

మైనర్‌తో లావాదేవీ అంటే బ్యాంకు మేనేజర్లకుండే భయానికి మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు) కూడా తేల్చేసింది. కాబట్టి మైనర్‌కిచ్చిన అప్పు మీద కోర్టుకెక్కినా లాభం లేదు. అయితే ఇక్కడ అప్పు ఎక్కడుంది? మైనర్ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే వీలు, ఇవ్వకూడదని అదే సర్క్యులర్ చెబుతోంది. ఉన్న డబ్బే తీసుకునేవాడితో బ్యాంకుకు వచ్చే నష్టమేమిటి?

అసలు టెన్షన్ పద్దెనిమిదేళ్లు నిండాక మొదలవుతుంది. అప్పుడు కొత్త సంతకం నమూనా ఇవ్వాలి, తల్లిదండ్రులు నడిపిన ఖాతా అయితే బ్యాలెన్స్ సరేనని ఒప్పుకోవాలి. ఇంటర్ అయిపోయి కాలేజీ ఫీజు కట్టాల్సిన వారంలోనే ఖాతా కదలదని తెలిస్తే ఆ ఇంట్లో గాభరా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ సంగతి పిల్లలకు ముందే తెలియజేయాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గితే నిమిషంలో మెసేజ్ పంపగలిగిన బ్యాంకుకు, పుట్టినరోజుకు నెల ముందు ఇంకో మెసేజ్ పంపడం కష్టమేమీ కాదు.