ఇటుక బట్టీ దగ్గర నిరీక్షణ

తెలుగు బైబిలు చదివేవారికి ‘నిరీక్షణ’ బరువైన మాట. దేవుడు మాట తప్పడన్న నమ్మకంతో రేపటి వైపు నిలబడటం అని దాని అర్థం. సంఘానికి బయట ఉన్న తెలుగువారికి అదే మాట వట్టి ఎదురుచూపుగా వినిపిస్తుంది, రాని బస్సు కోసం కూర్చున్నట్టు. వెట్టిలో ఉన్న మనిషి ముందు ఆ మాట పలికే క్రైస్తవుడు ఈ రెండింటిలో ఏ అర్థంతో పలుకుతున్నాడో ముందు తనకు తాను తేల్చుకోవాలి.

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల్లో కొత్త పంటను దేవతకు అర్పించే నువాఖాయి పండుగ దాటగానే సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, ఊళ్లలోకి దిగుతారు. భార్య, భర్త, ఇంకో మనిషి కలిపి ఒక జట్టుగా లెక్కగట్టి అడ్వాన్సు చేతిలో పెడతారు. ఆ మూడో మనిషి చాలాసార్లు వాళ్ల పిల్లో పిల్లాడో. కాంటాబాంజీలో రైలెక్కిన కుటుంబాలు పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి వైపు బట్టీలకు చేరుతాయి. చలికాలం నుంచి తొలకరి దాకా అక్కడే. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. వారం ఖర్చులకు ఇచ్చే డబ్బు కూడా అప్పు కిందే రాసుకుంటారు. అకాల వానకు కరిగిన పచ్చి ఇటుకలకు కూలి రాదు. చిట్టా యజమాని దగ్గరే ఉంటుంది, సీజన్ చివరిదాకా ఎంత తీరిందో కూలివాడికి తెలియదు. మధ్యలో ఊరికి వెళ్తానంటే ‘బాకీ కట్టి కదులు’ అంటారు. అన్ని బట్టీలూ ఇలాగే నడుస్తాయని కాదు. ఇలా నడిచిన చోట దానికి చట్టం పెట్టిన పేరు వెట్టిచాకిరీ. ప్రపంచమంతటా 2.76 కోట్ల మంది బలవంతపు పనిలో ఉన్నారని 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కకట్టింది.

బైబిల్లో విడుదల కథ మొదలయ్యేది కూడా ఇటుకల దగ్గరే. నిర్గమకాండము 5వ అధ్యాయంలో, ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలైన ఇశ్రాయేలీయులను పోనివ్వమని మోషే వెళ్లి అడగ్గానే అక్కడి రాజు ఫరో ఇటుకలకు గడ్డి ఇవ్వడం ఆపేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి తగ్గకూడదన్నాడు. లెక్క తగ్గితే దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల్లోంచే తీసిన మేస్త్రీలు. ఆ మేస్త్రీలు మోషేనే తిట్టారు. వెట్టి విడుదల పని తెలిసినవారికి ఈ వరుస కొత్త కాదు: మొదటి ఫిర్యాదు బయటికి పొక్కగానే కాపలా బిగుస్తుంది, తోటి కూలీలే ‘నీవల్లే మాకీ బాధ’ అంటారు. 6వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. చాకిరీకి నలిగిపోయి, మనసు విరిగి ఉన్నందువల్ల జనం మోషే మాట వినలేకపోయారు. దేవుడు వాళ్లను అవిశ్వాసులని గద్దించలేదు, మోషేను మళ్లీ ఫరో దగ్గరికే పంపాడు. ఈ వాక్యం మన ప్రసంగాల్లో ఇంకా ఎక్కువగా వినిపించాలి. ఆశపడే ఓపిక కూడా లేనివాడి తరఫున ఇంకొకరు వెళ్లి అడగడం ఇక్కడ నిరీక్షణకున్న రూపం.

ఈ కథకు ఎంత శక్తి ఉందో యజమానులకూ తెలుసు. 1807లో లండన్‌లో, వెస్టిండీస్ బానిసల కోసమని అచ్చేసిన బైబిలు భాగాల సంపుటిలో ఐగుప్తు నుంచి బయటపడిన ఘట్టమే లేదు. దాన్ని తీసేసింది క్రైస్తవులే. పరలోకంలో సుఖపడతావులే, ఇక్కడ ఓర్చుకో అని బానిసకు చెప్పడం నిరీక్షణను యజమానికి తాకట్టు పెట్టడం. ఆ పాపం మన చరిత్రలో ఉంది. దాన్ని ఒప్పుకోకుండా, బానిస వ్యాపారం రద్దుకు బ్రిటిష్ పార్లమెంటులో పోరాడిన క్రైస్తవుడు విల్బర్‌ఫోర్స్ పేరు ఒక్కటే చెప్పుకోవడం న్యాయం కాదు.

మరి పని ఎలా జరుగుతుంది? 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు. అప్పు వెట్టికి సంబంధించినది కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వాలి. తనిఖీకి వెళ్లినప్పుడు ఒక్కో కూలీ వాంగ్మూలం విడిగా, యజమాని కనుచూపు మేరలో లేకుండా, కూలీకి వచ్చిన భాషలో తీసుకోవాలి. అడ్వాన్సు ఎంత, ఇప్పటికి చేతికొచ్చిందెంత, సంతకు ఒంటరిగా వెళ్లనిస్తారా, వేరే చోట పనికి పోనిస్తారా, ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది అని అడగాలి.

పని చెడేది ఇక్కడే. ఒడియా తెలిసినవాడు దొరకలేదని సర్దార్‌నే దుబాసీగా నిలబెడితే కేసు అక్కడికక్కడే చచ్చిపోతుంది. కూలి తగాదా అని రాసి, తలా కొంత ఇప్పించి రైలెక్కిస్తే ఆ రోజుకు అందరికీ నెమ్మదే, కానీ విడుదల పత్రం రాదు. ఆ కాగితం లేకపోతే పునరావాసం లేదు. కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల వరకు ఉంది. ఆపైన పురుషులకు 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటి దారుణమైన కేసుల్లో 3 లక్షలు. తక్షణ సాయానికి కోర్టు తీర్పుతో పనిలేదు. పెద్ద మొత్తం మాత్రం కేసు తేలేదాకా ఆగుతుంది, సాక్షి ఏమో వేరే రాష్ట్రంలో ఉంటాడు. వాయిదాకు రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలి ఎవరు భరిస్తారన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. చాలా కేసులు నీరుగారేది దాని దగ్గరే.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం దాసుణ్ణి ఏడో ఏట విడిచిపెట్టమని చెప్పి ఊరుకోదు. వట్టి చేతులతో పంపొద్దు, నీ మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్ష గానుగలోంచి ధారాళంగా ఇవ్వమంటుంది. 1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సారాంశమూ దాదాపు ఇదే: పునరావాసం లేని విడుదల మనిషిని మళ్లీ వెట్టిలోకే తోస్తుంది. సంఘాలు విడుదల రోజున సాక్ష్యాలు చెప్పుకుంటాయి, ఫొటోలు పెడతాయి. (పిల్లల ముఖాలు చూపించే ఆ ఫొటోలు అసలు పెట్టకూడదు.) రెండో ఏడాది ఫోన్ చేసేవారు ఉండరు. నా అభిప్రాయంలో క్రైస్తవ నిరీక్షణకు పరీక్ష ఆ రెండో ఏడాదే. సాయానికి బాప్తిస్మాన్ని షరతు చేసినా, షరతులా అనిపించేలా ప్రవర్తించినా, ఒక అప్పు తీర్చి ఇంకో అప్పు ఎక్కించినట్టే.

2007లో పోప్ బెనెడిక్ట్ 16 నిరీక్షణ మీద రాసిన లేఖలో జోసెఫీన్ బఖితాను ముందు నిలిపారు. సూడాన్‌లో చిన్నప్పుడే ఎత్తుకెళ్లి అమ్మేస్తే, సొంత పేరు కూడా మరిచిపోయిన స్త్రీ. ఇటలీ చేరాక యజమానురాలు తిరిగి ఆఫ్రికా తీసుకుపోతానంటే, వెనిస్‌లో కనోషియన్ సన్యాసినుల ఇంట్లో ఉన్న బఖితా రానంది. 1889 నవంబరు 29న చట్టం ఆమెను స్వతంత్రురాలని తేల్చింది. ఆ ‘రాను’ అన్న మాట నిలవడానికి తలదాచుకునే ఇల్లు, పక్కన నిలబడే మనుషులు, బానిసత్వాన్ని ఒప్పుకోని చట్టం, మూడూ కావాల్సి వచ్చాయి. ఆమె విశ్వాసం వాటి మధ్యనే వేళ్లూనింది.

మన సంఘాలు ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటాయి: మందిరం, ప్రహరీ గోడ, పాస్టరుగారి ఇల్లు. కోతకూలీల జీతం బిగబడితే అది దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. ఇటుకల ధర బేరమాడే కమిటీ బట్టీ దాకా ఒకసారి వెళ్లాలి. చిట్టా నకలు కూలీల దగ్గర ఉందా, బడి వేళలో పిల్లలు ఇటుకలు తిప్పుతున్నారా, ఊళ్లో చావు జరిగితే బాకీ అడ్డం లేకుండా వెళ్లనిస్తారా అని చూడాలి. జవాబు బాగాలేకపోతే లోడు మానుకుంటే చాలదు, కలెక్టరుకు అర్జీ రాయాలి. విడుదలైన కుటుంబం ఊరు చేరాక రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఉపాధి హామీ కార్డు చేతికొచ్చాయో లేదో అక్కడి సంఘంతోనో స్వచ్ఛంద సంస్థతోనో కనుక్కుంటూ ఉండాలి. ఇదంతా నువాఖాయి లోపల జరగాలి. పండుగ దాటితే సర్దార్ నగదుతో మళ్లీ ఆ గడపకే వస్తాడు.