పిలుపే రాని పరీక్షకు శిక్షణా?

హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ గోడలపై కోచింగ్ సంస్థల ప్రకటనలన్నీ ఒకటే మాట చెబుతున్నాయి: కొన్ని నెలలు కష్టపడితే గూగుల్, అమెజాన్ లాంటి సంస్థల్లో కొలువు ఎవరికైనా సాధ్యమేనట. ఇంజినీరింగ్ కళాశాలల కరపత్రాలదీ అదే పాట. ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం దాచి ఫీజులు వసూలు చేయడం మోసం.

సిద్ధం కావడం ఎవరికైనా సాధ్యమే, సందేహం లేదు. ఈ కొలువుల కోడింగ్ పరీక్షల్లో అడిగే డేటా స్ట్రక్చర్లు, అల్గారిదమ్‌లు ఎవరి సొత్తూ కావు. కోడింగ్ సాధన వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో 3,000కు పైగా ప్రశ్నలున్నాయి, అత్యధికం ఉచితమే. కానీ పరీక్షకు ముందు పిలుపు రావాలి కదా! ప్రాంగణ నియామకాలకు పెద్ద సంస్థలు తొక్కేది ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, పేరున్న మరికొన్ని కళాశాలల గడపే. ఒంగోలులోనో నల్గొండలోనో మామూలు కళాశాలలో చదివిన అమ్మాయికి మిగిలేది ఆఫ్ క్యాంపస్ దరఖాస్తు, అంటే కళాశాలతో సంబంధం లేకుండా సొంతంగా పెట్టుకునేది. దాన్ని ఎవరైనా తెరిచి చూడాలంటే తరచూ ఆ సంస్థలో పనిచేసేవారి రిఫరల్, అంటే సిఫార్సు, కావాలి. ఇంట్లో తొలి పట్టభద్రురాలికి ఆ రిఫరల్ ఎవరిస్తారు? చాలా ఐటీ సేవల కంపెనీలు సైతం పదో తరగతి నుంచి మార్కులు 60 శాతానికి తగ్గరాదని గీత గీస్తున్నాయి. పదిహేనో ఏట తగ్గిన మార్కులను ఇరవై రెండో ఏట ఏ సాధన సరిచేస్తుంది?

లక్షల దరఖాస్తులను వడపోయక తప్పదని కంపెనీలు అంటాయి. కావచ్చు. అయితే కళాశాల పేరు చూసే వడపోస్తున్నామని బహిరంగంగా చెప్పండి. ప్రతిభే కొలమానమని వేదికలెక్కి చెప్పి, లోపల పేరు చూసి పక్కన పెట్టడం ద్వంద్వ నీతి. కొలువు రాకపోతే పిల్లలు సరిగా చదవలేదని నింద వేయడం అంతకన్నా క్రూరం. పొలం తాకట్టు పెట్టి చదివించిన తండ్రి కూడా చివరికి ఆ నిందనే నమ్ముతున్నాడు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

ఉద్యోగ హామీ ఇస్తూ ప్రకటనలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులోనే కోచింగ్ సంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. అమలు చేయాల్సిన అధికారులకు ఆ గోడలు కనిపించడం లేదా? ఒకరిద్దరికి దక్కిన భారీ ప్యాకేజీకి బ్యానర్లు కట్టే కళాశాలలు, అదే తరగతిలో ఖాళీ చేతులతో వెళ్లినవారి సంఖ్య చెప్పవు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ముందే ఆ సంఖ్యను, మధ్యస్థ వేతనాన్ని (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతాన్ని) ప్రతి కళాశాలా ప్రకటించాలని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఆదేశించాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరిట ప్రజాధనం అందుకుంటున్న యాజమాన్యాలను ఈ లెక్క అడగడానికి ఇన్నేళ్లుగా ప్రభుత్వాలకు నోరెందుకు రావడం లేదు?