బుడ్డలూ తెలుగే

మా ఆదివారం తెలుగు తరగతిలో ఒక పాప వేరుశనగల బొమ్మ చూసి "బుడ్డలు" అంది. "అలా అనకూడదు, వేరుశనగ కాయలు అనాలి" అని దిద్దాను. ఆ పూట పాప మళ్లీ నోరు విప్పలేదు. వాళ్లు మా ఊరికి వచ్చి అప్పటికి రెండు నెలలే. తరగతి అయ్యాక వాళ్లమ్మ నాతో వాదన పెట్టుకోలేదు. "మాది అనంతపురం పక్కన పల్లె అక్కా. ఈసారి ఇండియాకి వచ్చినప్పుడు మా ఇంటికి రా" అని మాత్రం అంది.

పోయిన ఆగస్టులో వెళ్లాను. నేను గోదావరి కాలువ గట్టున పెరిగినదాన్ని. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది కాబట్టి మా ఇంట్లో దిగులంతా వరద గురించే. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం, తూర్పు తీరపు వానలు అంత లోపలికి సరిగా రావు. ఇదంతా బడిలో చదివినదే, నాకు తెలుసనే అనుకున్నాను.

ఉగ్గాని, బజ్జీ పెట్టి, పాప అమ్మమ్మ నన్ను చేనికి తీసుకెళ్లింది. ఒక వేరుశనగ చెట్టు వంచి చూపింది. "పూత పూసినాక ఊడ నేలలోకి దిగల్ల. నేల గట్టిగుంటే యాడ దిగుతాది? అప్పుడొక పదును పడితేనే కాయ." నాకు ఊడంటే మర్రి ఊడ, పదునంటే కత్తి పదును. పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడను ఊడ అంటారని, విత్తుకు, పైరుకు సరిపడా నేల తడవడాన్ని పదును అంటారని అడిగి తెలుసుకున్నాను. పదును అనే మాట మా వైపు మెట్ట రైతులకూ తెలుసట. కాలువ కింద పెరిగిన నాకే తెలియలేదు.

"పాపం, ఎంత కష్టమో" అన్నాను.

"పాపమేముంది లేమ్మా. మా అమ్మ చేసింది, నేను చేస్తాండా."

ఆమె మాట్లాడిన నాలుగు ముక్కల్లో రెండు మాటలు నాకు అర్థం కాలేదు. ఆమె మనవరాలి తెలుగును దిద్దింది మాత్రం నేను.

అందుకే మన తెలుగు సంఘం తరగతులు నడిపేవాళ్లందరినీ ఒకటి అడుగుతున్నాను. ఏ మాట నేర్పినా, మీ ఇంట్లో దీన్ని ఏమంటారని పిల్లల్ని ముందు అడుగుదాం. ఉల్లిపాయ పక్కన ఎర్రగడ్డ, బొబ్బట్టు పక్కన ఓళిగ కూడా రాద్దాం. పిల్లలు తికమక పడతారని కొందరు టీచర్లు అంటున్నారు. స్కూల్లో ఇంగ్లీషుతో పాటు స్పానిష్ కూడా నేర్చుకునే పిల్లలకు ఉల్లిపాయకు రెండో పేరు బరువవుతుందా? నాకలా అనిపించడం లేదు. ఇంటి మాట తప్పని చెప్పించుకున్న పాప మౌనమే నాకు ఎక్కువ బెంగగా ఉంది.

సెప్టెంబరు మొదటి తరగతిలో ఆ పాపకు అందరి ముందూ సారీ చెప్పి, ఊడ ఎలా దిగుతుందో చెప్పమన్నాను. బోర్డు మీద చెట్టు గీసింది, పూత గీసింది, ఊడను నేల దాకా తెచ్చి ఆపింది. మార్కర్ నా చేతికిచ్చి, "ఇప్పుడు వాన మీరు గీయండి ఆంటీ" అంది.