ఫోర్త్ లాంగ్వేజ్ వీకెండ్‌లో వచ్చేస్తుందా? ఆ ఫార్వర్డ్ సంగతి

మూడు రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. "ఫోర్త్ చాలా చిన్న లాంగ్వేజ్, వీకెండ్ చాలు. ముందు పదాలన్నీ బట్టీ పట్టండి. సీ, అసెంబ్లీ రాకపోతే దండగ. లెక్కలు తలకిందులుగా రాయాలి, మన బుర్రలకెక్కదు. అయినా అది చచ్చిపోయిన లాంగ్వేజ్." (ఫోర్త్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష, సీ, అసెంబ్లీ లాగే. అందులో కమాండ్లనే పదాలంటారు.) అమీర్‌పేట హాస్టల్లో ఉండే మా పిన్ని కొడుకు ఆ మెసేజ్ చదివి "అన్నా, మానేయనా?" అని ఫోన్ చేశాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, తిట్లు తీసేసి.

ముందు ఆ తలకిందుల గొడవ తేల్చేద్దాం. ఫోర్త్‌లో 2 3 + అని రాస్తాం, అంటే రెండు, మూడు, కలుపు. మనం మాట్లాడేదీ అలాగే కదా, క్రియ చివర్లో! "వందలోంచి యాభై ఐదు తీసెయ్" అంటే 100 55 - అన్నమాట. షరతు కూడా అంతే, "వాన పడితే" అంటాం, వాన సంగతి ముందు, "తే" వెనక, ఫోర్త్‌లో ఇఫ్ కూడా షరతు అయ్యాకే వస్తుంది. (థెన్ మాత్రం చిట్టచివర్లో వచ్చి ఇఫ్ ఇక్కడితో అయిపోయిందంటుంది, అది నన్ను వారం రోజులు ఏడిపించింది.) ఇంగ్లిష్ వాక్యం అలవాటైనవాళ్లకి ఇది తలకిందులు కావచ్చు, మనకెందుకు?

మావాడితో మొదటిరోజు చేయించింది ఇరానీ హోటల్ బిల్లు. చాయ్ 20, ఉస్మానియా బిస్కెట్ 5 అనుకుందాం. రెండు చాయ్‌లు, మూడు బిస్కెట్లు: 2 20 * 3 5 * + అని కొట్టాడు. ఫోర్త్ అంకెల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, ఆ దొంతరే స్టాక్. అదెలా మారుతుందో కాగితం మీద ఒక్కో అడుగూ రాయమన్నాను. 2 పైన 20, గుణిస్తే ఆ రెండూ పోయి 40, దాని మీద 3, 5, అవి కలిసి 15, చివరికి 55. బ్రాకెట్ ఒక్కటీ లేదు. చుక్క పెడితే జవాబు కనిపిస్తుంది, కానీ స్టాక్‌లోంచి వెళ్లిపోతుంది, అందుకే మొదట్లో .ఎస్ ఎక్కువ వాడాలి, అది ఏమీ తీయకుండా ఉన్నదంతా చూపిస్తుంది. ఇంకోటి, పదాల మధ్య ఖాళీ తప్పనిసరి. 3+ అని కలిపి కొట్టి, ఆ పదం నాకు తెలీదని ఫోర్త్ అంటుంటే వాడు పావుగంట స్క్రీన్ వంక చూశాడు.

ఇక బట్టీ. ఫోర్త్ స్టాండర్డ్‌లో కోర్ పదాలే, అంటే తప్పనిసరిగా ఉండాల్సినవే, 130 పైచిలుకు, అవి బట్టీ పట్టి ఏం చేస్తారు? స్టాక్ మీద 55 ఉండగా వంద నోటుకి చిల్లరెంతో చూద్దామని మావాడు 100 వేసి మైనస్ కొట్టాడు, -45 వచ్చింది. "హోటలాయనకి నేను బాకీయా?" అన్నాడు. పైరెండింటినీ తారుమారు చేసే స్వాప్ అప్పుడు చెప్పాను, ఇక ఈ జన్మలో మర్చిపోడు. డూప్ (పైదాన్నే ఇంకోసారి పెడుతుంది), డ్రాప్ (పైదాన్ని పారేస్తుంది), స్వాప్, ఓవర్ (పైనుంచి రెండోదాని నకలు పైన పెడుతుంది), ఈ నాలుగూ, కొత్త పదం కట్టడానికి కోలన్, సెమీకోలన్, మొదటి వారానికి ఇంతే.

వీకెండ్ మాటలో సగం నిజముంది. రూల్స్ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. కానీ ఫోర్త్ రాయడమంటే పనిని చిన్న చిన్న పదాలుగా విడగొట్టి వాటికి సరైన పేర్లు పెట్టడం. నేను మొదట్లో పన్నెండు లైన్ల పదం రాసి, మర్నాడు స్టాక్‌లో ఎక్కడేముందో నాకే అర్థంకాక చెరిపేశాను. ఆ చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది.

సీ, అసెంబ్లీ ముందుగా అక్కర్లేదు. సీ బాగా వచ్చినవాళ్లే ప్రతిదానికీ ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టి, స్టాక్‌ని వాడకుండా తిప్పలు పడతారు, అందులో నేనూ ఒకణ్ణి.

చచ్చిపోయిందా? దీన్ని తయారుచేసిన చార్లెస్ మూర్ 1970ల మొదట్లో అమెరికాలో కిట్ పీక్ రేడియో టెలిస్కోప్ నడపడానికి వాడిన భాష ఇది. 2014లో తోకచుక్క మీద దిగిన ఫిలే ల్యాండర్‌లో ఉన్నవి ఫోర్త్ కోసమే తయారైన ఆర్‌టీఎక్స్2010 ప్రాసెసర్లు. ఉద్యోగం కోసమైతే మాత్రం వద్దు, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ వెతికినా ఈ పేరు కనపడదు, ఆ సంగతి మావాడికి ముందే చెప్పాను. వాడు జావా క్లాసుకి వెళ్తూనే ఉన్నాడు. రాత్రి పదింటికి జీఫోర్త్ (ఫోర్త్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరుస్తాడు. నిన్న బిల్లులో జీఎస్టీ కలపబోయి మళ్లీ స్టాక్ ఖాళీ చేసుకున్నాడట.