మిచెల్ గారింట్లో మనవాళ్లు

తెలుగు సినిమాలో నాన్నకి ఈమధ్య రెండే వేషాలు మిగిలాయి. దేవుడైనా కావాలి, లేదంటే కూతురి ప్రేమకి అడ్డంపడే మూర్ఖుడైనా కావాలి. నవ్వించాలంటే అల్లుడి చేతిలో చెంపదెబ్బలు తినే మామగారిగా మారాలి. కూతుర్ని ప్రాణంగా చూసుకుంటూనే ఆ పిల్ల ఏం చేస్తోందో బొత్తిగా అర్థంకాని మామూలు నాన్న, అంటే మన ఇళ్లల్లో నిజంగా ఉండే నాన్న, తెరమీద కనపడి చాలాకాలమైంది. అలాంటాయన ఒక అమెరికా బొమ్మల సినిమాలో దొరుకుతాడని నేననుకోలేదు.

ఆ సినిమా పేరు ‘ద మిచెల్స్ వర్సెస్ ద మెషీన్స్’. 2021 ఏప్రిల్ 30న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పిల్లలున్న ఇళ్లవాళ్లు మీలో చాలామంది అప్పుడే చూసేసి ఉంటారు. మాకు విశాఖపట్నంలో అది ఆలస్యంగా, న్యూజెర్సీ నుంచి సెలవులకొచ్చిన మనవడి పుణ్యాన చేరింది. సీతమ్మధారలో మిట్టమధ్యాహ్నం, గడప దాటే ఎండ కాదు. బీచ్‌కి వెళ్లాలంటే సాయంత్రం దాకా ఆగాలి. రిమోట్ వాడి చేతిలో ఉంది. న్యూస్ చానల్ పోయిందని సణుక్కుంటూ మా ఆయన కుర్చీలోనే ఉండిపోయారు. నేను మామిడికాయ ముక్కలు కోసుకుంటూ కూర్చున్నాను, చూద్దామని కాదు.

కథ చెప్తే కొత్తేముంది అనిపిస్తుంది. మిషిగన్‌లో కేటీ మిచెల్ అనే అమ్మాయి చిన్నప్పటినుంచి వీడియోలు తీస్తుంటుంది, ఇంట్లో కుక్కే ఆమె హీరో. కాలిఫోర్నియాలో సినిమా కాలేజీలో సీటొస్తుంది. నాన్న రిక్‌కి అడవులు తెలుసు, స్క్రూడ్రైవర్లు తెలుసు, కంప్యూటర్ తెలియదు. తెల్లారితే ప్రయాణం అనగా భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి ల్యాప్‌టాప్ కిందపడి పగిలిపోతుంది. దానికి ఆయనకి తోచిన పరిహారం ఏమిటంటే, అమ్మాయి విమానం టికెట్ క్యాన్సిల్ చేసేసి, ఇంటిల్లిపాదినీ పాత కారెక్కించి, కాలేజీ దగ్గర తానే దింపుతానని బయల్దేరడం. దారిలో ఉండగా ఒక ఫోన్ ఉసిగొల్పితే రోబోలు తిరగబడి మనుషులందర్నీ పట్టుకుపోతాయి. వీళ్లు మిగులుతారు.

ఆ టికెట్ క్యాన్సిల్ చేసిన సీను దగ్గర మనవడు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎయిర్‌పోర్టు అద్దాల తలుపుల ఇవతల నిలబడి చెయ్యి ఊపిన ప్రతి తండ్రికీ ఆ ఆలోచన ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. మనవాళ్లు ‘చేరగానే ఫోన్ చెయ్యమ్మా’ అని వెనక్కి తిరుగుతారు. రిక్ క్యాన్సిల్ చేసేశాడు, అంతే తేడా.

ఈ సినిమాలో నాకు నచ్చింది అదే. నాన్నని ఎంతైనా ఆటపట్టిస్తుంది, అలుసు మాత్రం చెయ్యదు. అందరూ ఫోన్లు పక్కనపెట్టి పది సెకన్లు ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుందామంటాడు. ఆ పది సెకన్లు గడవడం చూడాలి! మా ఇంట్లో వాట్సాప్ వీడియో కాల్‌లో ‘ఇంకేంటి’, ‘ఏమీ లేదు, మీరే చెప్పాలి’ తర్వాత వచ్చే నిశ్శబ్దం అచ్చు అదే. ఓటీపీ వచ్చింది, ఎక్కడ కొట్టాలి అని మా ఆయన ఫోన్ చేస్తే ‘నాన్నా, మొన్నే చెప్పాను కదా’ అనేటప్పుడు మా అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో, కేటీ గొంతు అలాగే ఉంటుంది. పెద్దగా కోపం కాదు, ఓపిక అయిపోవడం.

కేటీ కూడా కడిగిన ముత్యం కాదు. పని జరగడానికి నాన్నతో ‘నిన్ను నమ్ముతున్నాను’ అని పచ్చి అబద్ధం ఆడుతుంది, అది బయటపడుతుంది. అడవిలో తన చేతులతో కట్టుకున్న ఇంటిని ఆ నాన్న తనకోసమే వదిలేశాడని పాత వీడియోలు చూశాకగానీ ఆమెకి తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. మన తెలుగు నాన్న అయితే ‘నీకోసం ఎంత త్యాగం చేశానో తెలుసా’ అని వర్షంలో తడుస్తూ పేజీ డైలాగు చెప్పేవాడు.

పొరుగింటి పోసీ కుటుంబం గురించి ఒక్క మాట. అందంగా ఉంటారు, అన్నీ చక్కగా చేస్తారు, వాళ్ల ఫొటోలు చూసి తల్లి లిండా కుళ్లుకుంటుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఇక వివరించక్కర్లేదు. తమ్ముడు ఆరన్‌కి డైనోసార్ల పిచ్చి. ఫోన్ పుస్తకంలో నంబర్లు వరసగా కొట్టి ‘డైనోసార్ల గురించి మాట్లాడతారా’ అని అడుగుతుంటాడు. అక్కడ మా ఆయన మొదటిసారి పైకే నవ్వారు.

బొమ్మ కూడా వేరుగా ఉంది. నున్నగా ప్లాస్టిక్‌లా మెరిసే రకం కాదు, రంగులు కుంచెతో అద్దినట్టుంటాయి. కేటీ మనసులో ఏమనుకుంటే అది తెరమీద పిచ్చిగీతలుగా వచ్చి పడుతుంది. దర్శకుడు మైక్ రియాండా. తీసింది 2018లో ‘స్పైడర్ మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వెర్స్’ తీసిన సోనీ యానిమేషన్ వాళ్లే. కోవిడ్ వల్ల థియేటర్లలో పెద్దగా విడుదల కాకుండానే ఓటీటీకి అమ్ముడుపోయింది. జగదాంబలో పెద్ద తెరమీద చూడాల్సింది అనిపించింది.

నచ్చనిదీ ఉంది. యంత్రాల గొడవ చివర్లో మరీ ఎక్కువైంది, నాకు చెవులు నొప్పెట్టాయి. ఫోనే విలన్ అని చెప్పే సినిమాని ఫోన్లలోనే అమ్ముకోవడం ఇంకో విడ్డూరం. అంతకన్నా పెద్ద ఫిర్యాదు లిండా గురించి. ఆమె ఒకటో తరగతి టీచరు. నేనూ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే కాబట్టి ఊరుకోలేను. తండ్రికీ కూతురికీ మధ్య రాయబారాలు నడపడంతోనే ఆమె సగం సినిమా అయిపోతుంది. కొడుకు మీదికొచ్చేసరికి రోబోల్ని తుక్కుతుక్కు చేస్తుంది, నిజమే. కానీ ఆమె వదులుకున్నదేమిటో ఎవరూ అడగరు. తల్లి కోపం వస్తేనే కథలోకి రావాలా?

అయినా ఆ క్లైమాక్స్‌కి నేను మొత్తం మార్కులూ వేస్తాను. ఆ కుక్కని చూస్తే అది కుక్కో పందో రొట్టెముక్కో తేల్చుకోలేక రోబోలు పాడైపోతాయి. కాబట్టి కుక్క వీడియో వాటికి చూపించాలి. చూపించాల్సింది రిక్. కంప్యూటర్ ముందు కూర్చుని, ఏది నొక్కాలో తెలియక, చెమటలు కక్కుతూ. ప్రపంచాన్ని కాపాడే ఫైటు అదే! మా ఆయన కుర్చీ అంచుకి జరిగి ‘కింద ఉంటుంది, కింద నొక్కు’ అన్నారు. మనవడు ‘తాతయ్యా, నువ్వు అచ్చం రిక్‌వి’ అన్నాడు. ఆయనకి కోపం రాకపోగా కాస్త గర్వపడినట్టే కనిపించారు.

ఈసారి ఊరొచ్చినప్పుడు మీ నాన్నగారితో కలిసి చూడండి. పిల్లల సినిమా అని ఆయన లేచిపోబోతే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. మధ్యలో ఆపి వివరించకండి, ఆయనకి తెలుస్తుంది. పేర్లు పడేటప్పుడు టీవీ కట్టేయొద్దు. సినిమాకి పనిచేసినవాళ్ల ఇంటి ఫొటోలు అప్పుడే వేస్తారు.

సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మురీ మిక్చర్ తింటూ, సినిమా ఎలా ఉందండీ అని మా ఆయన్ని అడిగాను. బాగానే ఉంది గానీ, ప్రయాణం ముందు రోజు టికెట్ క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదని ఆ రిక్‌కి ఎవరూ చెప్పలేదా అన్నారు.